తూర్పున ఎవరిది?

మంగళవారం రిజిస్ట్రేషన్ పెట్టుకునేవాళ్ళు తక్కువ. దానికి అమావాస్య కూడా తోడైతే దస్తావేజులు రాసే మా షాపులో ఈగలు తోలుకోవడమే. అందుకే డ్రాఫ్టులు దిద్దుకోవడం, నకళ్ళు సర్దుకోవడం లాంటివన్నీ మంగళవారానికి అట్టేపెట్టుకుంటాను. ఈరోజు పొద్దున పది కాకముందే ఎండ చుర్రుమంది. మిర్చి యార్డు సీజను మంచి ఊపు మీదుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించుకున్న లారీ ఒకటి రోడ్డు మీద ఆగితే చాలు, షాపులో అందరికీ వరసగా తుమ్ములు. గుంటూరులో పుట్టి పెరిగాను, అయినా ఈ ఘాటు నాకింకా అలవాటు కాలేదు.

పదకొండు ప్రాంతంలో ఒక అబ్బాయి వచ్చాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేబ్రోలు అవతల పల్లెలో వాళ్ళ నాన్నగారి తాలూకు ఇంటిస్థలం అమ్ముతున్నాడు. అమ్మానాన్నా ఇద్దరూ పోయారు, తనొక్కడే కొడుకు. కూర్చోకముందే ఫోను నా చేతిలో పెట్టాడు. "డ్రాఫ్టు రెడీగా ఉంది మేడమ్. ఒకసారి చూసి స్లాట్ బుక్ చేసేయండి చాలు" అన్నాడు. 1974 నాటి లింకు డాక్యుమెంటు, అంటే ఆ స్థలం తాలూకు పాత దస్తావేజు, ఫొటోలు తీసి చాట్‌జీపీటీకి ఇచ్చాడట. అర నిమిషంలో విక్రయ దస్తావేజు రాసిచ్చేసిందట. మామయ్యగారి రోజుల్లో అది పూట పని.

చదివాను. బాగానే ఉంది, అబద్ధం చెప్పడమెందుకు. అక్షర దోషాలు లేవు. మా బజారులో టైపయ్యే దస్తావేజుల కంటే శుభ్రంగా ఉంది. కొలతలు కూడా చూశాను. వెడల్పు 33 అడుగులు, పొడవు 66 అడుగులు, వెరసి 2178 చదరపు అడుగులు, అంటే 242 గజాలు, సరిగ్గా 5 సెంట్లు. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని కూడా మావాళ్ళు తప్పు చేసే లెక్క ఇది. తాకట్లు లేవనీ, వివాదాలు వస్తే నేనే పరిష్కరించి ఇస్తాననీ రాయాల్సిన మాటలన్నీ రాసింది. సదరు, యావత్తు లాంటివి కూడా వేయాల్సిన చోటే వేసింది.

హద్దుల దగ్గర ఆగాను. తూర్పున ఒక పెద్దాయన పేరు రాసి, వారి పెరటి గోడ అని ఉంది.

"తూర్పున ఇప్పుడు ఎవరిది బాబూ?"

"అందులో ఉంది కదండీ."

"అందులో ఉన్నది 1974లో ఉన్నాయన పేరు. ఇప్పుడెవరున్నారు?"

అతను ఫోను చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని అడగబోతున్నాడని అర్థమై నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది పాపం, ఫోను బల్ల మీద పెట్టేశాడు.

ఈ షాపు మామయ్యగారిది. ఆయన దగ్గర నేను పని నేర్చుకున్న రోజుల్లో మొదట చాలా చిరాకు పడేదాన్ని. లింకు డాక్యుమెంటు బల్ల మీద ఉన్నా దాన్ని విప్పేవారు కాదు. వచ్చినాయన్ని కూర్చోబెట్టి, "వీధి వాకిట్లో నిలబడ్డావనుకో. ఎదురుగా ఏముంది? కుడిచేతి వైపు ఎవరు? వెనక్కి తిరుగు" అంటూ ఇల్లంతా తిప్పేవారు. చూరు నీళ్ళు ఎవరి వైపు పడతాయి, బావి ఎవరిది, చెట్టు కాయలు ఎవరు కోసుకుంటారు అని అడిగేవారు. ఆ తర్వాతే పాత కాగితం విప్పి రెండూ పోల్చేవారు. తేడా ఎక్కడుందో అక్కడే దస్తావేజు పని మొదలని ఆయన లెక్క.

ఈ అబ్బాయిని కూడా అలాగే వాకిట్లో నిలబెట్టాను. ఉత్తరం వాకిలి ఇల్లు.

"ఎదురుగా రోడ్డు. కుడివైపు గోడ."

"గోడకి ఆనుకునే మీ ఇల్లుందా?"

"లేదండీ, మధ్యలో సందుంది. నా సైకిల్ అందులోనే పెట్టేవాణ్ణి. వెనకింటి పెద్దమ్మ పాలకేను పట్టుకుని అటునుంచే వచ్చేది, సైకిల్ అడ్డమని తిట్టేది."

"వెనకింటివాళ్ళకి రోడ్డు మీదికి వేరే దారి ఉందా?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఉన్నట్టు లేదండీ" అన్నాడు.

సందు వెడల్పు ఎంతుంటుందంటే చేతులతో చూపించాడు. నాలుగడుగులు అనుకుందాం. పొడవునా 66 అడుగులు పోతే దాదాపు 29 గజాలు. కొనేవాళ్ళు 242 గజాలకి డబ్బు కడుతున్నారు, అందులో 29 గజాల మీద ఇంకొకరు నడుస్తున్నారు. డ్రాఫ్టులో ఆ ఊసే లేదు, ఎందుకంటే పాత దస్తావేజులోనూ లేదు. రేపు కొన్నాయన ప్రహరీ లేపుతాడు, వెనకింటివాళ్ళు దాన్ని ఆపమని ఇంజంక్షన్ దావా వేస్తారు. 20 ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా హక్కుగా నడిచిన దారి మీద హక్కు వస్తుందని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెబుతూనే ఉంది. ఇక కోర్టు పంపే కమిషనర్లు, టేపులు, వాయిదాలు. సవరణ దస్తావేజు రాద్దామంటే అమ్మినాయన మళ్ళీ వచ్చి సంతకం పెట్టాలి. అప్పటికి ఈ అబ్బాయి ఏ అమెరికాలో ఉంటాడో!

నాకు బాధనిపించింది వేరే సంగతికి. ఆ సందు అతని బుర్రలోనే ఉంది. సైకిల్, పాలకేను, తిట్లతో సహా ఉంది. అడిగితే వచ్చింది. ఆ యంత్రం అడగలేదు కాబట్టి అతను తలుచుకోలేదు. నీటుగా రాసిన కాగితం చేతిలో పడగానే ఆలోచించడం అయిపోయిందని మనసు అనేసుకుంటుంది. నా అనుమానమంతా అక్కడే. తప్పు రాస్తుందేమోనన్న భయం నాకు పెద్దగా లేదు, తప్పులు మనుషులూ రాస్తారు, దిద్దుకోవచ్చు. దీంతో చిక్కేమిటంటే ఇది ఖాళీ వదలదు. పాత అచ్చు ఫారాల్లో చుక్కల గీతలుండేవి. ఆ చుక్కల దగ్గర కలం ఆగేది, ఆగితే పక్కవాణ్ణి అడిగేవాళ్ళం, లేకపోతే ఊరెళ్ళి చూసొచ్చేవాళ్ళం. ఇప్పుడా చుక్కలు లేవు. కుప్పలుతెప్పలుగా చదివిన రాతల్ని బట్టి తర్వాత ఏ మాట వస్తే బాగుంటుందో ఊహించుకుంటూ పోయే యంత్రం అది. స్థలాల గురించి దానికి బోలెడు తెలుసు. ఈ స్థలం గురించి తెలిసింది మాత్రం ఎదురుగా కూర్చున్న ఈ అబ్బాయికే.

మావాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా వృత్తిలో బద్ధకస్తులు ముందునుంచీ ఉన్నారు. పాత హద్దులు దింపేసి "లింకు ప్రకారమే" అని చేతులు దులుపుకునేవాళ్ళని ఎందరినో చూశాను. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు మా పని అయిపోయిందని గోల పెట్టినవాళ్ళనీ చూశాను. ఏం కాలేదు, నయమే అయింది. చేత్తో నకలు రాయించుకోవడానికి రోజులు పట్టే బాధ తప్పింది. కాబట్టి కొత్తదేదొచ్చినా శోకాలు పెట్టే రకం కాదు నేను. కంప్యూటరు మా చేతి పని తీసుకుంది. ఇది అడిగే పని కూడా అక్కర్లేదనిపిస్తోంది, అందుకే దీనితో నాకు పేచీ.

అబ్బాయి ఊళ్ళో ఉన్న వాళ్ళ పిన్నికి ఫోన్ చేశాడు, ఆవిడ ఎత్తలేదు. నా నంబరు ఆవిడకి మెసేజ్ పెట్టి వెళ్ళాడు.

భోజనాల వేళ లాయరు గారు వచ్చారు, ఏదో నకలు కోసం. ఈ సంగతి చెబితే న్యూయార్క్ లాయర్ల కథ ఎత్తుకున్నారు. 2023లో ఒక విమాన కంపెనీ మీద వేసిన కేసులో అక్కడి లాయర్లు లేని తీర్పుల్ని కోర్టులో దాఖలు చేశారు, అన్నీ చాట్‌జీపీటీ అల్లినవే. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. ఈ తీర్పు నిజమైనదేనా అని ఆ లాయరు దాన్నే అడిగాడట, నిజమేనందట. "సాక్షినే సాక్ష్యం సరిగ్గా ఉందా అని అడిగితే ఏమంటాడమ్మా" అని లాయరు గారు పగలబడి నవ్వారు. పోతూ పోతూ, ఒక నోటీసు డ్రాఫ్టు దాంతోనే రాయించానని గొంతు తగ్గించి చెప్పారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మావాడు కెమిస్ట్రీ చేస్తున్నాడు. చేస్తున్నాడంటే, లెక్కకి ఫోటో తీస్తున్నాడు. మెట్లు మెట్లుగా జవాబొస్తుంది, నోట్సులోకి దింపుతాడు, తర్వాతి లెక్క. ఎంసెట్ పేరు మార్చి ఈఏపీసెట్ అన్నారు గానీ పిల్లల టెన్షన్ ఏమీ తగ్గలేదు. వాడి తప్పు లేదు. కాలేజీలో పొద్దుట్నుంచి కూర్చోబెడతారు, ఒక్కో డౌటుకి క్యూలో నిలబడాలి, ఫోనైతే రాత్రి పన్నెండింటికి కూడా విసుక్కోకుండా చెబుతుంది. డబ్బున్న ఇళ్ళల్లో ట్యూషన్ మాస్టారు చేసే పని మాలాంటివాళ్ళకి ఊరికే దొరుకుతోంది. అది చిన్న సంగతేమీ కాదు.

అయినా వాడికి టర్కీ సంగతి చెప్పాను. 2025లో అచ్చయిన అధ్యయనం, దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లల మీద లెక్కల క్లాసుల్లో చేశారు. చాట్‌జీపీటీ లాంటిది చేతిలో ఉన్నంతసేపు అది లేని పిల్లల కంటే 48 శాతం బాగా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలెప్పుడూ వాడని పిల్లల కంటే 17 శాతం వెనకబడ్డారు. ఇంకో గుంపుకి జవాబు చెప్పకుండా కిటుకు మాత్రం అందించేలా మార్చిన దాన్ని ఇచ్చారు. సాధన చేసేటప్పుడు వాళ్ళు అందరినీ మించిపోయారు, తీసేశాక నష్టమూ పెద్దగా కనబడలేదు. పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరు కదరా అన్నాను. మావాడు తల ఎత్తకుండా, "నువ్వు చెప్పిన ఆ రెండో రకం నా ఫోన్లోనూ ఉందమ్మా. ఒక్కో లెక్కకి పది ప్రశ్నలు అడుగుతుంది. రేపటికి వర్క్‌షీటు ఇవ్వాలంటే దాంతో అవుతుందా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వర్క్‌షీట్లు అన్నన్ని ఇచ్చేవాళ్ళని కదా అడగాలి.

మా ఆయన మధ్యలో దూరి, పిల్లలకి సరే, అనుభవం ఉన్నవాళ్ళకి ఏం భయం అన్నారు. పోలండ్ డాక్టర్ల సంగతి గుర్తొచ్చింది. పెద్దపేగు పరీక్షలో ముందుముందు క్యాన్సర్‌గా మారగల గడ్డల్ని ఏఐ తెర మీద చూపిస్తుంది. అది రాకముందు ఆ డాక్టర్లు పరీక్ష చేసినవాళ్ళలో 28.4 శాతం మందిలో గడ్డలు పట్టుకునేవారు. అది అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో 22.4 శాతానికి పడిపోయింది. ఒక్కొక్కరూ 2,000కి పైగా పరీక్షలు చేసిన చేయి తిరిగిన డాక్టర్లు వాళ్ళు. దీనికి ఇంకేవైనా కారణాలు కూడా ఉండొచ్చు, ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పేయలేం. కానీ చదివినప్పటి నుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది. కన్ను చెడలేదు, వెతకడం మానేసింది. "అయితే నువ్వూ దాంతో ప్రశ్నలు అడిగించు, రాయించకు" అన్నారు మా ఆయన.

మాట బాగానే ఉందని కూర్చుని ప్రయత్నించాను. దస్తావేజు రాయొద్దు, ఇంటిస్థలం అమ్మేవాణ్ణి నువ్వేం అడుగుతావో చెప్పు అన్నాను. మంచి ప్రశ్నలే అడిగింది. వారసులెవరు, పన్ను రసీదులున్నాయా, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, దారి హక్కులేవైనా ఉన్నాయా. చూరు నీళ్ళు అడగలేదు. చెట్టు కాయలు అడగలేదు. ఇక "దారి హక్కులున్నాయా" అని దస్తావేజు భాషలో అడిగితే ఆ అబ్బాయి లేవనే చెప్పేవాడు. సైకిల్ ఎక్కడ పెట్టేవాడివి అని అడగాలి. మామయ్యగారి ప్రశ్నలన్నీ ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను, ఇంట్లో ఇంకెవరికీ అవి తెలియవు గనక.

ఎనిమిదిన్నరకి పిన్నిగారు ఫోన్ చేశారు. ఆవిడకి నేనెవరో చెప్పేలోపే సందు కథంతా చెప్పేశారు. అది వాళ్ళ మామగారు వెనకింటివాళ్ళకి తెల్లకాగితం మీద రాసిచ్చిన దారట, ఆ కాగితం వెనకింటి వాళ్ళ బీరువాలో ఉందట. వెడల్పు నాలుగు కాదట, అయిదట. "అప్పట్లో ఎడ్లబండి పోవాలన్నారమ్మా, మావారేమో ఒప్పుకోలేదు, చివరికి అయిదుకి కుదిరారు" అన్నారు. అయిదంటే 36 గజాలు దాటుతుంది. బేరం 242 గజాలకి కుదిరింది కాబట్టి మళ్ళీ మొదటికొస్తుంది. రేపు అబ్బాయికి ఫోన్ చేసి, కొనేవాళ్ళని కూడా వెంటబెట్టుకుని వెళ్ళి, అందరి ముందూ టేపు పట్టమని చెప్పాలి. డ్రాఫ్టు నేను రాయలేదు కాబట్టి ఫీజు ఎంత అడగాలో మాత్రం ఇంకా తేలలేదు.