మా ఇంటి నాలుగో వాటా

నాన్నగారు 2019 ఆషాఢంలో గుండెపోటుతో పోయేనాటికి, తెనాలిలో సొంత సంపాదనతో కట్టించిన ఇల్లు, బ్యాంకులో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆయన పేరున ఉన్నాయి, వీలునామా లేదు. యాభై ఎనిమిదేళ్లకే ఆ అవసరం వస్తుందని ఆయనా అనుకోలేదు, మేమూ అడగలేదు. అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురమే వారసులమని నమ్మి, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం మీసేవలో ఇచ్చిన దరఖాస్తులో ఆ మూడు పేర్లే రాశాము. విచారణకు వచ్చిన వీఆర్ఓ గారు వరండాలో మంచం మీద కూర్చున్న నాన్నమ్మను చూసి, “ఈ పెద్దావిడ ఎవరమ్మా?” అని అడిగేదాకా ఆవిడ పేరు మాకు తట్టనే లేదు. కడుపున పుట్టిన కొడుకును పోగొట్టుకున్న మనిషిని ఆ కొడుకు కుటుంబంలోనే లెక్కించలేదన్న సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి స్వార్జితం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులకు వెళుతుందనీ, భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ, తల్లికీ తలా ఒక వాటా వస్తుందనీ, తండ్రి మాత్రం ఆ తరగతిలో లేడనీ వకీలు గారు వివరించారు. అంటే మాకు నాలుగు సమాన వాటాలు. పెళ్లిలో పసుపు కుంకుమ కింద అరెకరం పుచ్చుకున్నాను కనుక ఇంట్లో నాకు హక్కు లేదని బంధువులు అన్న మాట చెల్లదని కూడా ఆయనే చెప్పారు.

అసలు గొడవ ఆ తరువాత మొదలైంది. “మా అమ్మ వాటా సంగతేమిటి?” అని బాబాయి అందరి ముందూ అడిగినప్పుడు నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది, కానీ ఆ ఒక్క మాట వరకు ఆయనదే న్యాయం. డిపాజిట్ విషయంలో మాత్రం ఆయనది తప్పు. నాన్నగారు పెళ్లికి ముందు తెరిచి, రెన్యువల్ చేయిస్తూ వచ్చిన ఆ డిపాజిట్‌కు బాబాయే నామినీ. బ్యాంకు నిబంధన ప్రకారం ఆయన చేతికే సొమ్ము ఇచ్చింది, ఆయన అది తనదేనన్నారు. నామినీ సొమ్ము పుచ్చుకునేవాడే తప్ప దానికి యజమాని కాడని, అది వారసులకే చెందుతుందని వకీలు నోటీసు పంపాము. రెండు నెలలు జవాబు రాలేదు. చివరికి నాన్నమ్మే ఆయన్ను పిలిపించి, “వాడి పిల్లల డబ్బు నీకెందుకురా” అన్న తరువాత గానీ ఆ సొమ్ము తిరిగి రాలేదు. అందులోనూ నాలుగో వంతు ఆవిడ పేరనే వేశాము.

ఇంటి విషయానికి వచ్చేసరికి, నాన్నమ్మ తన వాటాను అమ్మకు వదిలేస్తానన్నారు. మేము తొందరపెట్టలేదు. వాటా ఆవిడ పేరనే ఉండి ఆవిడ పోతే, అది బాబాయికీ, అత్తకూ, నాన్నగారి తరఫున మాకూ పంపకమవుతుందని వకీలు గారి చేత ఆవిడకే విడమరిచి చెప్పించాము. అన్నీ విని ఆవిడ ఒక్కటే అడిగారు: తను పోయేదాకా ముందు గదిలోంచి ఎవరూ కదిలించకూడదని. ఆ మాటను హక్కు విడుదల దస్తావేజులోనే రాయించాము.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆవిడ వేలిముద్ర యంత్రానికి అందలేదు. వేళ్ల గీతలు అరిగిపోయాయన్నారు. తడిగుడ్డతో తుడిచి నాలుగైదుసార్లు పెట్టించాక గానీ పడలేదు. కాగితాల మీద సిరా ముద్ర వేసే ముందు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “గది మాట రాశారుగా, ఒకసారి చదువు” అన్నారు. నిలబడి ఆ పేరా మొత్తం చదివి వినిపించాను.