మెర్సో ఏడవలేదని

ఫ్రెంచి రచయిత అల్బేర్ కామూ 1942లో ప్రచురించిన 'ది స్ట్రేంజర్' నవల గురించి పాఠకులు మాట్లాడుకునేటప్పుడు, కథానాయకుడు మెర్సో చేసిన హత్య కన్నా ముందు, తల్లి శవం దగ్గర అతడు ఏడవకపోవడమే చర్చకు వస్తుంది. అల్జీర్స్‌కు ఎనభై కిలోమీటర్ల దూరంలోని వృద్ధాశ్రమానికి వెళ్లి, శవపేటిక మూత తీయనక్కరలేదని చెప్పి, కాపలాదారు తెచ్చిన పాల కాఫీ తాగి, అమ్మ ముందు సిగరెట్ కాల్చవచ్చా అని కాస్త తటపటాయించి, చివరకు వెలిగించిన కొడుకు అతడు. చావింట్లో పొయ్యి రాజేయని ఇళ్లలో పెరిగిన మనకు ఆ కాఫీ మింగుడుపడదు.

నవలలోని న్యాయస్థానం చేసే పనీ అదే. ఒక అరబ్బును కాల్చి, కదలక పడివున్న దేహంలోకి మరో నాలుగు గుళ్లు దించినవాడిని నిలబెట్టి, ఆ కాఫీ గురించీ సిగరెట్ గురించీ ఆరా తీస్తారు. కనుక మెర్సోను బండరాయి అని తిట్టేవారూ, అబద్ధమాడలేని మనిషని వెనకేసుకొచ్చేవారూ ఒకే జ్యూరీ సభ్యులని నా అభిప్రాయం. కామూ రెండో పక్షమే. మనకు తగిన ఏకైక క్రీస్తు మెర్సోయేనని ఆయన తర్వాత రాశాడు. అది నాకు అతిగానే తోస్తుంది.

అతడి ఒంటరితనంలో తమను చూసుకునే యువ పాఠకులతో కూడా నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆదివారమంతా బాల్కనీలో కుర్చీ తిప్పి వేసుకుని వీధిని చూస్తూ గడిపే మెర్సోకు ఏ లోటూ కనిపించదు. పరాయితనం అతడికి కోర్టులో ఎదురవుతుంది. తన వకీలు తన బదులు "నేను చంపిన మాట నిజమే" అంటూ వాదిస్తుంటే, తన కేసులో తానే అక్కర్లేనివాడవుతాడు.

చనిపోయిన అరబ్బుకు నవలలో పేరే లేదు. వలస పాలనలోని అల్జీరియాలో అరబ్బును చంపిన ఐరోపావాడికి ఫ్రెంచి కోర్టు, నవలలో మెర్సోకు వేసినట్టు, మరణశిక్ష వేయడం నమ్మశక్యం కాదని ఐరిష్ రచయిత కానర్ క్రూయిజ్ ఓబ్రయన్ 1970లో వాదించాడు. ఆ మృతుడికి మూసా అని పేరు పెట్టి, అతడి తమ్ముడు హారూన్ చేత కథ చెప్పించినవాడు అల్జీరియా రచయిత కమెల్ దావూద్. దావూద్ రాసిన ఆ నవల 2013లో వచ్చింది. నాకు తెలిసినంతలో కామూకు దొరికిన అత్యుత్తమ పాఠకుడు ఇతడే. 1962లో స్వాతంత్ర్యం వచ్చీరాగానే హారూన్ కూడా ఒక ఫ్రెంచివాణ్ణి చంపుతాడు. అతడిని విచారించిన అధికారికి ఆ హత్య మీద అభ్యంతరం లేదు. ఆ పని స్వాతంత్ర్యానికి ముందే ఎందుకు చేయలేదని మాత్రం నిలదీస్తాడు.