దువ్వెన లేకుండా ఎడారికి వెళ్ళకండి

ఇది బోర్లా పడుకుని టైప్ చేస్తున్నాను. కారణం తర్వాత చెప్తాను.

అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ పక్కనున్న టెంపీకి ఎమ్మెస్ కోసం వచ్చి పదిహేను నెలలైంది. నాకు కారు లేదు. రూమ్మేట్లలో ఇద్దరికి ఉన్నాయి. వీకెండ్ వస్తే సెడోనా అని ఒకసారి, గ్రాండ్ కాన్యన్ అని ఇంకోసారి పోతుంటారు. నన్ను పిలిచినప్పుడు పెట్రోల్ డబ్బుల లెక్క మాత్రం సెంటుతో సహా పంపిస్తారు. "కారు లేకుండా ఈ ఊళ్ళో ఎడారి సంగతి దేవుడెరుగు, ఇండియన్ స్టోరుకి కూడా పోలేవు మామా" అన్నాడు వాళ్ళలో ఒకడు. అప్పటి నుంచి పంతం పట్టుకుంది. మొన్న ఆదివారం ట్రైనూ బస్సూ పట్టుకుని రెండు కొండలెక్కి వచ్చాను. రోజంతా తిరిగినా టికెట్ 4 డాలర్లే.

మొదటిది మా యూనివర్సిటీ పక్కనే ఉన్న హేడెన్ బ్యూట్. కొండ మీద పెద్ద ఇంగ్లీషు 'ఏ' (A) అక్షరం ఉంటుంది కాబట్టి అందరూ 'ఏ' మౌంటెన్ అనే అంటారు. లైట్ రైల్ (ఊళ్ళో తిరిగే చిన్న ట్రైన్) దిగి నాలుగడుగులేస్తే దారి మొదలవుతుంది. మూడొందల అడుగుల చిల్లర ఎత్తు, అరగంటలో పైన ఉంటాం. మనవాళ్ళు చాలామంది పైన సెల్ఫీ కోసం పరుగున ఎక్కేసి, దారిలో రాళ్ళ మీద హోహోకామ్ ప్రజలు (ఇక్కడి పాతకాలపు ఆదివాసులు) వందల ఏళ్ళ కింద చెక్కిన బొమ్మల్ని చూడకుండానే దిగిపోతారు. నేనూ మొదటి మూడుసార్లు అలాగే దిగాను.

రెండోది పపాగో పార్కు. 'ఏ' (A) లైన్ ట్రైన్లో వాషింగ్టన్, ప్రీస్ట్ వీధులు కలిసే చోట దిగి, ఉత్తరం వైపు వెళ్ళే 56 నంబరు బస్సెక్కాలి. ఇక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయని పదిహేను నెలలుగా చూస్తున్నా, ఇండియా అలవాటు పోలేదు. రోడ్డుకి ఇవతల నిలబడ్డాను, బస్సు అవతల నుంచి వెళ్ళిపోయింది. ఇంకోదాని కోసం అరగంట పైనే నిలబడ్డాను. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు.

పపాగోలో హోల్ ఇన్ ది రాక్ అని ఎర్రరాతి గుట్టకి పెద్ద కన్నం ఉంటుంది. ముందు నుంచి చూస్తే ఎక్కలేం అనిపిస్తుంది. వెనక నుంచి మెట్లున్నాయి, పది నిమిషాల పని. హోహోకామ్ వాళ్ళు ఆ కన్నంలోంచి పడే ఎండని బట్టి కాలాలు లెక్కపెట్టేవాళ్ళట. అవతల ఇంకో గుట్ట మీద తెల్లటి పిరమిడ్ కనిపిస్తుంది. అది అరిజోనా మొదటి గవర్నర్ జార్జ్ హంట్ సమాధి. అక్కడిదాకా బాగానే ఉంది.

అసలు కథ సమాధి వైపు నడుస్తుంటే మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంట. నిమ్మకాయ పులిహోర బాక్సు తెచ్చుకున్నాను. ఒక బండరాయి నీడ చూసుకుని, మట్టి మీదే చతికిలబడి తిన్నాను. మాది అనంతపురం జిల్లా. తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు, నాగజెముడు అన్నీ చెప్పుల్లేని కాళ్ళతో తొక్కి పెరిగినవాణ్ణి. అక్కడ ఆరడుగుల దూరంలో ఒక మొక్క ఉంది. ఎండ వెనక నుంచి పడుతుంటే ఒళ్ళంతా బంగారు రంగు బొచ్చున్న కుక్కపిల్లలా మెరుస్తోంది. ముచ్చటేసి ఫోటో కూడా తీశాను. అదో రకం జెముడని, దాని పేరు టెడ్డీ బేర్ చోయా అని తర్వాత తెలిసింది. ఆ పేరు పెట్టినవాడు దాని మీద ఎప్పుడూ కూర్చుని ఉండడు.

నేను కూర్చున్నాను. చెట్టు మీద కాదు, చెట్టు నుంచి రాలి మట్టి రంగులో కలిసిపోయిన ముక్కల పక్కన. తినేటప్పుడు ఏమీ కాలేదు. లేవబోతూ కాస్త పక్కకి జరిగాను. నిమ్మకాయంత ముక్కలు మూడు, రెండు ఎడమ తొడ వెనక, ఒకటి ఇంకొంచెం పైన. జీన్స్ దాటి చర్మంలోకి దిగాయి. మనూళ్ళో ముల్లు గుచ్చుకుంటే లాగి పారేస్తాం కదా, అలాగే లాగబోయాను. ఆ ముక్క తొడని వదలకుండానే నా వేళ్ళని కూడా పట్టుకుంది. చేప గాలానికి ఉన్నట్టు ఈ ముళ్ళకి వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి. దిగడం సులువు, రావడం కష్టం. అలా జంతువుల ఒంటికి అంటుకుని, ఎక్కడో రాలి, అక్కడే వేళ్ళూనుకుంటుందట. నన్ను కూడా అలాంటి జంతువుగానే లెక్కేసింది.

చెయ్యి తొడకి అతుక్కుపోయి, నడుం వంచి, ఒంటికాలి మీద నిలబడ్డాను. అప్పుడే కుక్కని తిప్పుతూ అరవై దాటిన ఒకావిడ వచ్చింది. ఒక్క క్షణం చూసి, ఏమీ అడక్కుండా, బ్యాగులోంచి మామూలు ప్లాస్టిక్ దువ్వెన తీసింది. "చేత్తో ఎప్పుడూ ముట్టుకోకు. మా కుక్కకి నెలకోసారి ఇదే పని" అంది. ముక్కకీ వేళ్ళకీ మధ్య దువ్వెన పళ్ళు దూర్చి ఒక్క విదిలింపు విదిలించింది. ముక్క ఎగిరి దూరంగా పడింది. వేళ్ళు ఊడాయి. తర్వాత నా వెనక్కి చూసి "తిరుగు" అంది. మా అమ్మ కంటే పెద్దావిడ. నేను తిరిగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, హంట్ గారి సమాధి వైపు చూస్తూ నిలబడ్డాను. కుక్క నా ముఖంలోకి చూస్తోంది. థాంక్యూ అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

తిరుగు బస్సులో సగం సీట్లు ఖాళీ. డ్రైవరు అద్దంలోంచి చూసి రెండుసార్లు కూర్చోమన్నాడు. పర్లేదన్నాను. ట్రైన్లోనూ నిలబడే వచ్చాను. రూముకొచ్చాక విరిగిపోయిన సన్న ముళ్ళు తీయడానికి ట్వీజర్లు పట్టుకుంది ఎవరనుకున్నారు? ఆ కారు మహానుభావుడే. ఫోన్ టార్చి వేసుకుని గంటసేపు పీకాడు, ప్రతి ముల్లుకీ నవ్వాడు. ఫోటో తీసి గ్రూపులో పెట్టలేదు, ఆ మర్యాద మాత్రం ఒప్పుకోవాలి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ఒక సీనియర్ నాకు అరలీటరు బాటిల్ చాలన్నాడు. ఆయన మాట వినకండి. రెండు లీటర్లు తీసుకెళ్ళాను, చుక్క మిగల్లేదు. ఇక్కడ చెమట పట్టినట్టే తెలీదు, ఆరిపోతుంది. సాయంత్రానికి చొక్కా మీద ఉప్పు చారలు చూస్తే అర్థమవుతుంది. నవంబరు నుంచి మార్చి దాకానే వెళ్ళండి. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో పగటి ఎండ వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్‌కి (మన లెక్కలో 43 డిగ్రీల సెల్సియస్‌కి) తగ్గలేదు. బస్సు పోతుంది కదా అని కామెల్‌బ్యాక్ కొండ జోలికి మొదటిరోజే పోకండి, అది నడక కాదు, పాకడం. ఎక్కడైనా కూర్చునే ముందు కాలితో కాదు, కర్రతో మట్టి కదిపి చూడండి. ఒక దువ్వెన పెట్టుకోండి, పళ్ళు కాస్త ఎడంగా ఉన్నది.

2025 జూన్ నుంచి ట్రైన్ దక్షిణం వైపు బేస్‌లైన్ రోడ్డు దాకా పోతోంది. అక్కడి నుంచి ఇంకా దక్షిణానికి వెళ్తే సౌత్ మౌంటెన్. వచ్చే ఆదివారం అనుకున్నాను గానీ, ఎడమ తొడలో ఒక ముల్లు ఇంకా ఉంది. కూర్చుంటే తెలుస్తోంది.