అరవై వాయిదాల లెక్క

ఆదివారం రాత్రి

ఈ కారంటే నాకు ఇష్టం. లెక్కలు మొదలుపెట్టే ముందే ఈ మాట రాసిపెట్టుకుంటున్నాను. పదేళ్లు దాటిన చిన్న పెట్రోలు బండి, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో లేని ఇంజను, చేత్తో మార్చుకునే ఐదు గేర్లు. క్లచ్ ఎక్కడ అందుకుంటుందో నా కాలికి ఎవరూ చెప్పనక్కరలేదు. దీన్ని ఇప్పుడేం చేయాలన్న దాని మీద మా ఇంట్లో మూడు మాటలున్నాయి. దీనికే మార్పులు చేయించి కొత్త ఊపిరి పోద్దామంటాడు తమ్ముడు. అమ్మేసి కొత్తది తీసుకుందామంటారు మా ఆయన. ఆ డబ్బేదో ఇంటి కోసం దాచుకుందామంటాను నేను. ముగ్గురం ఎప్పుడు కూర్చున్నా ఎవరి మాట మీద వాళ్లం నిలబడి, ఏదీ తేలకుండానే లేచిపోతున్నాం. అందుకే ఈ రోజు సెలవు చూసుకుని, ముందు బండి పరిస్థితి ఏమిటో తేల్చుకుందామని మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాను. తమ్ముడూ వెంట వచ్చాడు.

కొంతకాలంగా గతుకుల్లో ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని చప్పుడు వస్తోంది. బ్రేకు వేస్తే బండి కొద్దిగా పక్కకు లాగుతోంది. వేగం పెరిగితే వెనక భాగం తేలిపోతున్నట్టు ఉంటోంది. ఇవన్నీ ‘పాతబడిపోయింది’ అన్న ఒక్క మాటలో కలిసిపోయి, కొత్త కారు కావాలనడానికి సాక్ష్యాలుగా మారాయి.

లిఫ్టు మీదికి ఎత్తాక మెకానిక్ పొడవాటి ఇనుప కడ్డీ ఒకటి తెచ్చి, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌కీ చట్రానికీ మధ్య దూర్చి మెల్లగా మీటాడు. ఆర్మ్ చివర, ఇనుముకూ ఇనుముకూ మధ్య మెత్తలా ఉండే రబ్బరు బుష్ నోరు తెరిచింది. గోరు దూరేంత సందు. కడ్డీ వదలగానే మళ్లీ మూసుకుపోయింది. “చూశారా అమ్మా, రబ్బరు ఇనుమును వదిలేసింది. మీకు వినిపించే చప్పుడు ఇదే. బ్రేకు వేసినప్పుడు ఈ చక్రం వెనక్కి జరుగుతోంది, బండి లాగేది కూడా అందుకే” అన్నాడు. తర్వాత టార్చిలైటు వెనక షాక్ అబ్జార్బర్ మీద వేశాడు. సీలు పోయి నూనె కారిన చోట దుమ్ము అంటుకుని నల్లగా అట్టకట్టింది. చివరికి టైరు పక్కభాగం మీద ముద్రించిన అంకెల్లో ఆఖరి నాలుగు చూపించాడు: 2318. అంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. గాళ్లలో లోతు ఇంకా ఉంది. కానీ వాటి మధ్య రబ్బరును బొటనవేలితో వంచితే సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి.

అక్కడ నిలబడి ఉండగానే నా ఆలోచన మారింది. మేం ఇన్నాళ్లూ కారు మీద చెప్పుకున్న ప్రతి ఫిర్యాదుకూ ఒక విడిభాగం పేరు ఉంది. బండి ఊగడానికి కారణం షాక్ అబ్జార్బర్. గతుకు తగిలినప్పుడు స్ప్రింగు ఆ దెబ్బను తీసుకుంటుంది. తర్వాత అది పైకీ కిందికీ ఆడుతూనే ఉండకుండా, షాక్ అబ్జార్బర్ తన లోపలి నూనెను సన్నటి రంధ్రాల గుండా నెట్టి ఆ కదలికను వేడిగా మార్చేస్తుంది. నూనె పోతే ఆ పని జరగదు. చక్రం క్షణకాలం నేలను వదులుతుంది, ఆ క్షణంలో బ్రేకు వేసినా దానికి పట్టు దొరకదు. ఇదంతా ఒక్క రోజులో జరగదు కాబట్టే మనకు తెలియదు. రోజూ నడిపే మనిషి రోజూ కొంచెం సర్దుకుపోతాడు. మొన్న కొత్త కారు నడిపి చూసినప్పుడు నాకు కలిగిన హాయిలో చాలా భాగం కొత్త రబ్బరుదీ కొత్త నూనెదీ అని ఇప్పుడు అనిపిస్తోంది. కొత్తగా ఉన్నప్పుడు మా కారూ అలాగే నడిచింది.

తమ్ముడి సంగతి. వాడికి బండ్లంటే ప్రాణం, చదివి తెలుసుకున్న విషయం కూడా తక్కువేమీ కాదు. వాడి జాబితాలో ఉన్నవి పొట్టి స్ప్రింగులు, పెద్ద అల్లాయ్ చక్రాలు, ఇంజను కంప్యూటర్లోని అంకెలు మార్చే రీమ్యాప్, కొత్త సైలెన్సరు. మెకానిక్ ముందే వీటి మీద చర్చ పెట్టాను. బండిని కిందికి దించే స్ప్రింగులు పొట్టిగానే కాదు, గట్టిగా కూడా ఉంటాయి. అసలు స్ప్రింగుల కోసం చేసిన షాక్ అబ్జార్బర్లు వాటిని అదుపు చేయలేవు, అలసిపోయిన వాటి సంగతి చెప్పనే అక్కరలేదు. ఎత్తు తగ్గితే చక్రాలు నిలబడే కోణం మారుతుంది, సరిచేయించకపోతే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. చక్రం పెద్దదైతే సాధారణంగా బరువూ పెరుగుతుంది. ఆ బరువు స్ప్రింగుల కింద ఉండే బరువు కాబట్టి స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ ఉండే సస్పెన్షన్ గతుకుల వెంట చక్రాన్ని కదిలించడానికి ఎక్కువ తంటాలు పడాలి. టైరు పక్కభాగం ఎత్తు తగ్గుతుంది కనుక ప్రతి గుంటా నేరుగా నడుముకు చేరుతుంది. ఇక రీమ్యాప్. టర్బో ఉన్న ఇంజన్లో గాలి ఒత్తిడిని పెంచవచ్చు, తేడా బాగా తెలుస్తుంది. మా ఇంజను తనంతట తాను పీల్చుకోగలిగినంత గాలినే పీల్చుకుంటుంది. దానికి కంప్యూటర్లో అంకెలు మార్చితే వచ్చే లాభం స్వల్పం. ఒకవేళ శక్తి పెరిగినా ఆ భారం క్లచ్ మీద, గేరుబాక్సు మీద, రేడియేటర్ మీద, అన్నిటికంటే ముఖ్యంగా బ్రేకుల మీద పడుతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తున్నవాళ్లు డబ్బు ముందు బ్రేకులకూ టైర్లకూ పెడతారని నా నమ్మకం. బీమా సంస్థకు తెలియజేయకుండా చేయించిన మార్పులు రేపు ప్రమాదం జరిగితే క్లెయిము దగ్గర చిక్కు తెస్తాయి. పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదన్నది ఎలాగూ ఉంది.

“అక్కా, మార్పులంటే శక్తి పెంచడం ఒక్కటేనా? మంచి టైర్లు, మంచి బ్రేకు ప్యాడ్లు, మంచి షాక్ అబ్జార్బర్లు వేయించడం కూడా మార్పే కదా” అన్నాడు. ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. వాడు కోరుకునేది నడిపేటప్పటి ఆనందం. ఆ ఆనందం స్టీరింగు తిప్పగానే బండి మాట వినడంలో ఉంది, గట్టి చప్పుడులో లేదు. మా కారు తిరిగి ఆ స్థితికి రావడానికి కావలసిన భాగాలన్నీ లిఫ్టు కిందే మా కళ్లకు కనబడ్డాయి.

మా ఆయన మాటను మాత్రం అంత తేలిగ్గా తీసేయలేను. ఆయనకు కొత్త కారు హోదా కోసం కాదు, భద్రత కోసం. మా కారులో ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ వ్యవస్థ లేదు. బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి 1995లో కార్లలోకి తెచ్చిన వ్యవస్థ అది. మనం స్టీరింగు ఎటు తిప్పాం, బండి నిజంగా ఎటు తిరుగుతోంది అని క్షణక్షణం పోల్చి చూస్తుంది. రెండూ కలవకపోతే ఏ చక్రానికి బ్రేకు వేయాలో దానికే వేసి బండిని దారిలోకి తెస్తుంది. తడిసిన మలుపులో మనిషి చేయలేని పని. తర్వాత బిగించుకునే వస్తువు కాదది. సెన్సర్లు, బ్రేకుల హైడ్రాలిక్ యూనిట్, వాటిని నడిపే కంప్యూటర్ అన్నీ ఆ కారుకే సరిపోయేలా తీర్చిదిద్దాలి. ఎయిర్‌బ్యాగుల సంగతీ అంతే. “రబ్బర్లు మార్చితే కారు కొత్తగా ఉన్నప్పటిలా అవుతుంది సరే, కొత్తగా ఉన్నప్పుడే దానిలో లేనివి ఎక్కడి నుంచి వస్తాయి?” అని సాయంత్రం ఆయన అడిగారు. సరైన ప్రశ్న. దానికి నా దగ్గర ఉన్న జవాబు అప్పుకు సంబంధించినది.

కాగితం తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఏడాదికి 9 శాతం వడ్డీకి ఐదేళ్ల కారు అప్పు అనుకుందాం. నెలకొకటి చొప్పున 60 వాయిదాలు కడతాం. ఆ 60 వాయిదాలకు చేతికి వచ్చే అప్పు 48 వాయిదాల విలువే, మిగిలిన 12 వడ్డీ. ఆ 48తో కొన్న కారు ఐదేళ్ల తర్వాత సగం విలువ నిలుపుకుందనే అనుకుంటే చేతిలో 24 మిగులుతుంది. అదే 60 వాయిదాలను ఏడాదికి 6 శాతం వచ్చే చోట నెలనెలా దాచుకుంటూ పోతే ఐదేళ్లకు దాదాపు 70 అవుతుంది. ఒకవైపు 24, ఒకవైపు 70. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన రాశాక ఆయన చాలాసేపు కాగితాన్నే చూస్తూ ఉండిపోయారు. ఈ లెక్కలో పాత కారు ఖర్చు కలపలేదని నేనే చెప్పాను. ఈ రోజు మెకానిక్ వేసిచ్చిన అంచనా ఆ వాయిదాల కొలతలో నాలుగుకు లోపే ఉంది. రాబోయే ఐదేళ్లలో ఇంకా ఖర్చులు రావడం ఖాయం కాబట్టి పది పక్కన పెట్టినా ఇంకా 60 దాకా మిగులుతుంది.

ఇంటి అప్పు లెక్క ఇంకా కళ్లు తెరిపిస్తుంది. అదే 9 శాతానికి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే, కట్టే మొదటి వాయిదాలో ప్రతి 100కూ 83 వడ్డీకే పోతుంది, అసలులోంచి తగ్గేది 17. మొత్తం కట్టేది తీసుకున్నదానికి రెండింతల పైనే. అదే అప్పును 15 ఏళ్లకు తెచ్చుకోగలిగితే వాయిదా పెరిగేది 13 శాతం లోపే, మొత్తం కట్టేది మాత్రం 1.8 రెట్లకు దిగుతుంది. ముందు చేతి నుంచి ఎక్కువ పెట్టగలిగితే ఈ భారమంతా ఆ మేరకు తగ్గుతుంది. పైగా ఇంటి అప్పు ఇచ్చేవాళ్లు అప్పటికే మనం ఏ వాయిదాలు కడుతున్నామో లెక్కలోకి తీసుకునే ఎంత ఇవ్వాలో నిర్ణయిస్తారు. ఈ రోజు తీసుకునే కారు అప్పు రేపటి ఇంటిని చిన్నది చేస్తుంది. కారుకూ ఇంటికీ ఉన్న అసలు ముడి ఇదే.

ఇల్లు నాకు ఎందుకు కావాలో కూడా రాయాలి, లేకపోతే ఇదంతా ఉత్త వడ్డీల గొడవలా కనిపిస్తుంది. గోడకు మేకు కొట్టాలంటే ఎవరినీ అడగనవసరం లేని చోటు కావాలి. పుస్తకాల అరను గోడకు బిగించి, మళ్లీ ఎప్పుడు విప్పాలోనన్న ఆలోచన లేకుండా వదిలేయాలి. ఒప్పందం గడువు దగ్గర పడినప్పుడల్లా అద్దె పెరుగుతుందా, ఖాళీ చేయమంటారా అన్న దిగులు ఇక చాలు. ఈ కారుకు నీడపట్టున నిలబడే స్థలం, ఆ పక్కనే తమ్ముడు పనిముట్లు సర్దుకునే అర ఒకటి ఉంటే వాడికీ ఆ ఇల్లు నచ్చుతుంది.

ఒక్క షరతు మాత్రం ముందు నుంచీ నా మనసులో ఉంది. చట్రం తుప్పు పట్టి ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి బండిని వదిలేయాలి. రబ్బరు మార్చవచ్చు, నూనె మార్చవచ్చు, బలం పోయిన లోహం మీద డబ్బు పోయడం వృథా. అందుకే తలుపుల కింది అంచుల్ని, సస్పెన్షన్ బిగించే చోట్లను స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడమని మెకానిక్‌ను అడిగాను. ఎక్కడా బోలు చప్పుడు రాలేదు. ఒకచోట పై పూత లేచింది, శుభ్రం చేసి మళ్లీ పూయిస్తే సరిపోతుందన్నాడు.

రాత్రి భోజనాల తర్వాత ముగ్గురం కూర్చుని ఒక మాటకు వచ్చాం. ముందు టైర్లు, బ్రేకు ప్యాడ్లు. దాంతోపాటే బ్రేకు నూనె, ఎందుకంటే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. తర్వాత బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, ఆపైన చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్. ఇంజను లోపల వాల్వులూ పిస్టన్లూ లయ తప్పకుండా కదిలేలా చూసే టైమింగ్ బెల్టు తిరిగిన దూరం లెక్కన ఇంకా నడుస్తుందేమో కానీ వయసు లెక్కన గడువు దాటింది. అది తెగితే మా ఇంజన్లో వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది కనుక దాన్ని వాయిదా వేయకూడదని తమ్ముడే పట్టుబట్టాడు. స్ప్రింగులు, చక్రాలు కంపెనీ ఇచ్చినవే ఉంటాయి. ప్యాడ్లు ఏ రకం వేయాలో, టైర్లు ఏవి కొనాలో ఎంచే పని వాడిదే. ఆ సంగతి చెప్పగానే వాడి ముఖం వెలిగిపోయింది.

మా ఆయన కోరినది కూడా లెక్కలో ఉంది. దాచే డబ్బులో బండి కోసం తీసిన భాగం మరమ్మతులకు పోగా మిగిలితే, అది తర్వాతి కారుకు. ఆ కారు అప్పు లేకుండా కొనాలి, రెండు మూడేళ్లు వాడినదైనా పరవాలేదు, స్టెబిలిటీ వ్యవస్థ మాత్రం ఉండి తీరాలి. అప్పటిదాకా వాన రాత్రుల్లో దూర ప్రయాణాలకు ఈ కారు తీయకూడదని ఆయన అడిగారు, ఒప్పుకున్నాను.

షాక్ అబ్జార్బర్లను జతగానే మార్చాలన్నాడు మెకానిక్. నూనె కారుతున్న వెనక జత ఈ నెల, ముందు జత వచ్చే నెల. కొత్త కారుకు కట్టాల్సి వచ్చేంత మొత్తాన్ని ప్రతి నెలా జీతం పడిన మర్నాడే వేరే ఖాతాకు మళ్లించమని ఇందాకే బ్యాంకుకు ఆదేశం పెట్టేశాను.