జెర్సీ నుంచి ఫ్రీమాంట్ దాకా, స్నేహితుల ఇళ్ల మీదుగా

మేం న్యూజెర్సీలో ఉండేవాళ్లం. మా ఆయనకి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉద్యోగం ఖాయమయ్యాక అందరూ ఒకటే సలహా ఇచ్చారు, కారుని ట్రక్కు మీద పంపించేసి మీరు ఫ్లైట్ ఎక్కేయండి అని. సామాన్లు ఎలాగూ మూవర్స్ తీసుకెళ్తారు, ఆరు గంటల్లో దిగిపోతారు, అంత దూరం డ్రైవింగ్ దేనికి అని. నేనే పట్టుబట్టాను. ఎందుకంటే కొలంబస్‌లో మా ఆయన సీనియర్ ఉన్నారు, సెయింట్ లూయిస్‌లో ఎం.ఎస్. రోజుల్లో నా రూమ్మేట్ ఉంది, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో నా ఇంజనీరింగ్ స్నేహితురాలు ఉంది. ఎన్నేళ్లుగానో అందరికీ "ఈసారి తప్పకుండా వస్తాం" అని చెబుతూనే ఉన్నాం, వాళ్ల పిల్లల్ని వీడియోలో తప్ప చూడలేదు. కాలిఫోర్నియా వెళ్లిపోయాక ఇక ఎప్పటికి కుదురుతుంది?

ఫోన్లో మ్యాప్‌ని అడిగితే ఐ-80 హైవే పట్టుకుని సూటిగా పొమ్మంటుంది, అది సుమారు 2,900 మైళ్లు. మేం మ్యాప్ తెరవకముందే ముగ్గురికీ ఫోన్లు చేసి, ఎవరికి ఏ రోజులు వీలవుతుందో కనుక్కుని, దాన్నిబట్టి దారి గీసుకున్నాం. పెన్సిల్వేనియా మీదుగా ఐ-70, సెయింట్ లూయిస్ దగ్గర ఐ-44, తర్వాత టెక్సాస్‌కి దిగి, అమరిల్లో దగ్గర ఐ-40 ఎక్కి పడమరకి. ఇలా వెళ్తే దాదాపు 400 మైళ్లు ఎక్కువ. పెరిగిన గ్యాస్ (పెట్రోల్) ఖర్చు గురించి నాకు ఒక్క క్షణం కూడా బాధ లేదు. ఇంకో షరతు కూడా పెట్టుకున్నాం, ఎవరింటికి వెళ్లినా రెండు రాత్రులు ఉండాలని. రాత్రి పదింటికి చేరి పొద్దున్నే బయల్దేరితే ఆ ఇంటావిడకి వంటపని మిగులుతుంది, మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

బయల్దేరేముందు టైర్లు, బ్రేకులు, కూలెంట్ చూపించి ఆయిల్ మార్పించాం. డిక్కీ కింద స్పేర్ టైర్ ఉందో లేదో తెరిచి చూడండి, ఈమధ్య చాలా కార్లకి ఉండటం లేదు. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్, అంటే దారిలో కారు ఆగిపోతే వచ్చి సాయం చేసే ఏర్పాటు, కలుపుకున్నాం. పోస్టాఫీసులో అడ్రస్ మార్పు ముందే పెట్టుకోవడం చాలా ముఖ్యం, ఎందుకంటే ఓక్లహోమాలో టోల్ బిల్లు నంబర్ ప్లేట్ చూసి పోస్టులో పంపిస్తారు, అది పాత ఇంటికి వెళ్తే మనకి తెలియనే తెలియదు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, నగలు మూవర్స్‌కి ఇవ్వకుండా మాతోనే కార్లో పెట్టుకున్నాం. చిన్న రైస్ కుక్కర్, బియ్యం, ఆవకాయ కూడా.

అక్టోబర్ కాబట్టి పెన్సిల్వేనియా కొండలన్నీ ఎర్రగా, పసుపుగా ఉన్నాయి. పిట్స్‌బర్గ్ శివార్లలో పెన్ హిల్స్ కొండమీద వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, 1970లలో మనవాళ్లు కట్టుకున్నది. కొత్తగా వెళ్లే ఊరు మంచి చేయాలని దణ్ణం పెట్టుకుని, కిందికొచ్చి పులిహోర తిని బయల్దేరాం.

కొలంబస్‌లో మా ఆయన సీనియర్ అన్నయ్య, వదిన మమ్మల్ని సొంతవాళ్లలా చూసుకున్నారు. "ఏంట్రా ఇంత సన్నబడ్డావ్" అని అన్నయ్య మా ఆయన్ని గుమ్మంలోనే పట్టుకున్నారు. వాళ్లిద్దరూ హాస్టల్ కబుర్లలో పడితే వదినా నేనూ పిల్లల చదువుల గురించి అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నాం. ఇలాంటి ప్రయాణాల్లో ఆలస్యమయ్యేది ట్రాఫిక్ వల్ల కాదు, పెసరట్టు తిన్నాక "ఎలాగూ పన్నెండైంది, భోంచేసి వెళ్లండి" అనే మాట వల్ల. కాదనడం చాలా కష్టం. అందుకే బయల్దేరే టైం, ఆ రోజు ఎన్ని మైళ్లు వెళ్లాలో ముందురాత్రే వాళ్లకి చెప్పేసేవాళ్లం. అప్పుడు వాళ్లే తొందరపెట్టి, దారికి కట్టిచ్చి పంపించేవారు.

సెయింట్ లూయిస్ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. మిసిసిపీ నది దాటుతుంటే ఎదురుగా 630 అడుగుల ఆర్చ్ కనిపిస్తుంది, చాలామంది దాన్ని చూడ్డానికే ఆ ఊరు వెళ్తారు. నేను వెళ్లింది మా రూమ్మేట్ కోసం. అంతకుముందు ఏడాది ఖమ్మంలో వాళ్ల నాన్నగారు పోయారు. దాని వీసా స్టాంప్ గడువు అయిపోయి ఉంది, ఇండియా వెళ్తే మళ్లీ కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకోకుండా రావడానికి లేదు, స్లాట్లు నెలల తర్వాత గానీ లేవు, ఇక్కడ ఉద్యోగం, పసిపిల్ల. అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసింది. ఆ రోజు నేను ఫోన్ చేస్తే ఇద్దరం ఏడవడం తప్ప ఏమీ మాట్లాడుకోలేకపోయాం.

ఎం.ఎస్. చదివేటప్పుడు బాబాయ్, అంటే వాళ్ల నాన్నగారు, ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. దాంతో మాట్లాడటం అయ్యాక "ఆ అమ్మాయికి కూడా ఇవ్వమ్మా" అని నన్ను పిలిపించుకుని, "అన్నం వండుకున్నారా, బ్రెడ్డే తింటున్నారా" అని అడిగేవారు. నేను ఆయన్ని ఒక్కసారి కూడా నేరుగా చూడలేదు, అయినా ఆ గొంతు నాకు బాగా తెలుసు. పిల్ల పడుకున్నాక మేమిద్దరం వంటింట్లో కింద కూర్చున్నాం. అది ఒకమాట అంది: "ఈ ఊళ్లో నాన్న గొంతు విన్నవాళ్లు ఎవరూ లేరే. ఎవరితో చెప్పుకున్నా నేనే మొదట్నుంచీ చెప్పాలి." నాకు మొదట్నుంచీ చెప్పక్కర్లేదు కదా. ఆయన మాటలు, మా ఫీజు కట్టాల్సినప్పుడు ఆయన పడ్డ టెన్షన్, ఫోన్లో ఉప్మా చేయడం నేర్పించడం, అన్నీ గుర్తుచేసుకుని నవ్వాం, ఏడ్చాం. దాని ఇల్లు, దాని కూతురు, గోడమీద బాబాయ్ ఫోటో చూశాక, అన్ని మైళ్లు తిరిగింది ఈ ఒక్క రాత్రి కోసమే అయినా చాలనిపించింది.

అక్కడి నుంచి డల్లాస్ దాదాపు 630 మైళ్లు. మధ్యలో ఒక రాత్రి మోటెల్‌లో ఆగి, ఓక్లహోమాలో యూఎస్-69 పట్టుకుని, రెడ్ రివర్ దాటి టెక్సాస్‌లోకి వచ్చాం. ఇర్వింగ్ చేరేసరికి నా స్నేహితురాలి ఇంట్లో బొమ్మల కొలువు, హాలు నిండా పేరంటానికి వచ్చినవాళ్లు. నన్ను చూసి పీట మీంచి లేచి పరుగెత్తుకొచ్చింది. పెరట్లో దాని కరివేపాకు చెట్టు నా ఎత్తు ఉంది. నాకోసం ఒక పిలక వేరేగా కుండీలో పెట్టి పెంచింది కూడా. దాన్ని తీసుకెళ్లలేనని చెప్పడానికి నాకు మనసొప్పలేదు, కానీ కాలిఫోర్నియాలోకి కరివేపాకు మొక్క తీసుకురానివ్వరు. నిమ్మ, నారింజ చెట్లకి తెగులు మోసుకొచ్చే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, ఆ తెగులు వస్తే చెట్టుకి మందు లేదు, అక్కడ ఆ తోటల మీద బతికే రైతులు చాలామంది. ఆ సంగతి చెబితే వెంటనే అర్థం చేసుకుని, అదే ఆకు వేయించి కారప్పొడి కొట్టి డబ్బాలో పెట్టింది.

డల్లాస్ దాటాక తెలిసినవాళ్లెవరూ లేరు, ఊళ్లూ తక్కువే. అమరిల్లో నుంచి ఐ-40 మీద సగం ట్యాంక్ అయ్యేసరికి నింపేసుకునేవాళ్లం, మ్యాప్‌లు ఫోన్లోకి ముందే దించుకున్నాం, సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. బోడి మైదానాల్లో పక్కనుంచి గాలి కొడితే స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాల్సిందే. పడమరకి వెళ్తున్నకొద్దీ గంట గంట కలిసొస్తుంది. విజయవాడలో అమ్మ పూజ ముగించుకుని పొద్దున ఆరింటికి ఫోన్ చేస్తే జెర్సీలో రాత్రి ఎనిమిదిన్నర అయ్యేది, అరిజోనాకి వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆగి గ్రాండ్ కాన్యన్ చూసొచ్చాం. దాని గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు, నేను అంతకంటే బాగా చెప్పలేను. కాకపోతే అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్టోబర్‌లో పొద్దున్నే వెళ్లేవాళ్లు స్వెట్టర్ మర్చిపోకండి.

నీడిల్స్ ఊరి దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయశాఖ చెక్‌పోస్టులో ఆపి పండ్లు, మొక్కలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాం, వెళ్లమన్నారు. బార్‌స్టో, టెహచాపి కొండలు, బేకర్స్‌ఫీల్డ్, అక్కడి నుంచి ఐ-5, సాయంత్రానికి ఫ్రీమాంట్.

ఇక్కడికి వచ్చి స్థిరపడేవాళ్లు లైసెన్స్‌కి 10 రోజుల్లో, కారు రిజిస్ట్రేషన్‌కి 20 రోజుల్లో డీఎంవీకి, అంటే ఆ రెండూ చూసే ప్రభుత్వ ఆఫీసుకి, వెళ్లాలి, రిజిస్ట్రేషన్‌కి ముందు స్మాగ్ చెక్ (కారు పొగ పరీక్ష) చేయించాలి. మేం మర్నాడే ఆ పని మొదలుపెట్టాం. మా రూమ్మేట్ సంక్రాంతికి కూతుర్ని తీసుకుని వస్తానంది, వచ్చేలా టికెట్ నేనే తీసి పంపిస్తున్నాను.