బేరింగా, టైరా?

కారు స్పీడు అరవై దాటగానే మళ్లీ అదే గూంమ్ అని మోత. బేరింగులు (చక్రాలు సాఫీగా తిరిగేలా చేసేవి) పోయాయని మెకానిక్ అన్నారు. రోడ్డు ఖాళీగా ఉంది కదా, ఇవాళ దీని సంగతి తేల్చేద్దాం అనుకున్నా.

ముందు న్యూట్రల్‌లో వేసి కారును కాసేపు దొర్లనిచ్చా. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) పడిపోయింది, మోత మాత్రం అలాగే ఉంది. అంటే ఇంజన్‌ది కాదు, చక్రాల దగ్గరిదే.

తర్వాత స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి చూశా. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. ఆ వైపు బేరింగ్ పోయి ఉంటే సాధారణంగా అప్పుడు శబ్దం పెరుగుతుంది. ఇక్కడ ఏ మార్పూ లేదు. గరుకు రోడ్డు దాటి నున్నటి తారు మీదికి రాగానే మాత్రం బాగా తగ్గిపోయింది!

బండి ఆపి ముందు టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమిరా. ఒకవైపు నుంచి నున్నగా జారింది. ఎదురు దిశలో రంపం పళ్లలా గుచ్చుకుంది. కంటికి మాత్రం ట్రెడ్ (టైరు మీది గాడుల పొర) ఇంకా బోలెడంత ఉన్నట్టే ఉంది. అంటే మోత టైర్లదే, బేరింగులది కాదు.

మెకానిక్ ఏమో బేరింగులు మార్చేయాల్సిందే అని గట్టిగా చెప్పారు మరి. చెయ్యి పెట్టి కూడా చూడకుండా అలా ఎలా చెప్తారు? నిజంగా కోపం వచ్చింది.

కొత్త టైర్లు వేయించినప్పుడే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) కూడా చేయించాలి. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడాగా ఉంటే అవీ ఇలాగే అరిగిపోతాయి.