సుంకి ఘాట్‌లో బయటపడిన లోపం: వెనుక షాకబ్జర్లు ఇంట్లోనే మార్చుకున్న వైనం

మేము ఉండేది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో. బంధువులు చాలామంది విజయనగరం వైపు ఉన్నందువల్ల, పెళ్లి అయినా పరామర్శ అయినా, ముందు కొండెక్కి కోరాపుట్ చేరి, సునాబెడ, సిమిలిగుడ, పొట్టంగి దాటి, సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా వెళ్లడం మాకు ఏళ్ల తరబడి అలవాటు. ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు గాని, మా పెద్దవాళ్లకు అది ఇప్పటికీ 43వ నంబరు రోడ్డే. వానాకాలం ముగిసేసరికి ఆ దారి అక్కడక్కడా గుంతలు పడుతుంది కనుక, కారు ఎంత కుదిపినా తప్పును రోడ్డు మీదికి నెట్టడం మాకు తేలిక.

నిరుడు దసరాకు ముందు మా అమ్మను వెనుక సీటులో కూర్చోబెట్టుకుని విజయనగరం నుంచి తిరిగి వస్తూ ఉండగా, సుంకి దాటాక ఒక మలుపులో చిన్న గుంత తగిలి, కారు వెనుక భాగం ఒక్కసారిగా పక్కకు గెంతింది. వేగం ముప్ఫై కిలోమీటర్లు కూడా లేదు. అమ్మ నడుము పట్టుకుని, "ఇంతకుముందు ఇలా ఉండేది కాదు నాయనా, ఎడ్లబండిలో కూర్చున్నట్టుంది" అన్నది. ముందు సీటులో కూర్చుని నడిపే నాకు ఆ తేడా అంతగా తెలియలేదు. బండి ఊపును అణచే షాకబ్జరు (షాక్ అబ్జార్బర్) ఒక్క రోజులో పాడవదు. నెలల తరబడి కొద్దికొద్దిగా బలం కోల్పోతూ ఉంటే, నడిపే మనిషి తనకు తెలియకుండానే దానికి అలవాటు పడిపోతాడు. వారం తిరగకుండానే అదే దారిలో ఒక మిత్రుని కారులో కోరాపుట్ నుంచి పొట్టంగి వరకు వెళ్లి వచ్చినప్పుడు, గుంతలు అవే అయినా కుదుపు లేకపోవడం చూసి, లోపం రోడ్డులో కాక నా బండిలోనే ఉందని నాకు నమ్మకం కుదిరింది.

ఇంటికి వచ్చి పరీక్షించాను. కారు వెనుక మూలను రెండు చేతులతో బలంగా కిందికి నొక్కి వదిలితే, ఆరోగ్యంగా ఉన్న బండి ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి. నాది మూడు నాలుగు ఊపులు ఊగింది. ఎడమవైపు షాకబ్జరు ఒళ్లంతా నూనె చెమ్మ పట్టి, దాని మీద ఎర్రమట్టి అట్టకట్టి ఉంది. పైన కొద్దిగా నూనె తేమ కనబడినంత మాత్రాన షాకబ్జరు పోయినట్టు కాదు, కాని కింది కంటి (బోల్టు దూరే కింది వలయం) దాకా నూనె కారిందంటే నూనెను ఆపే లోపలి సీలు పోయిందనే అర్థం. వెనుక టైర్లను అరచేత్తో నిమిరి చూస్తే ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం తగిలాయి. చక్రం రోడ్డును నిలకడగా అంటిపెట్టుకోక గెంతుతూ నడిచినప్పుడు టైరు అలాగే అరుగుతుంది.

ఇక్కడ ఒక అపోహను తీర్చడం అవసరమని నాకు అనిపిస్తుంది. కారు బరువును మోసేది షాకబ్జరు కాదు, స్ప్రింగు. గుంతలో పడినప్పుడు స్ప్రింగు నొక్కుకుని శక్తిని దాచుకుంటుంది, మరుక్షణంలో దానిని తిరిగి ఇచ్చేస్తుంది. ఆపేవారు లేకపోతే అది అలా ఊగుతూనే ఉంటుంది. షాకబ్జరు లోపల కడ్డీ చివర ఉన్న పిస్టన్, నూనెను సన్నని రంధ్రాల గుండా, వాల్వుల గుండా బలవంతంగా తోసినప్పుడు ఆ ఊపు వేడిగా మారి చల్లారిపోతుంది. అందుకే గుంతల రోడ్డు మీద గంటసేపు నడిచిన బండి షాకబ్జరును తాకితే వెచ్చగా ఉంటుంది, అసలు వేడెక్కకపోతే అది పని చేయడం లేదేమోనని అనుమానించాలి. ఎడతెగని కుదుపులకు నూనె నురగెత్తి పట్టు తప్పకుండా ఉండేందుకు, గ్యాసు రకం వాటిలో నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపుతారు. బియ్యం బస్తాలు వేస్తే కారు వెనుక భాగం బాగా కుంగుతున్నదని షాకబ్జర్లు మార్చేవారు మా ఊళ్లో చాలామంది ఉన్నారు; ఆ కుంగుబాటు స్ప్రింగులది కనుక ఆ ఖర్చుతో అది తీరదు.

ఇంట్లోనే మార్చాలని నేను నిశ్చయించుకోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. రెండేళ్ల క్రితం ఒక వర్క్‌షాపులో ఇవే షాకబ్జర్లను మార్పించాను. ఏడాది తిరగకముందే కింది బుష్‌లు (కంటిలో ఉండే రబ్బరు తొడుగులు) చీలిపోయి, ప్రతి గతుకులోనూ టకటకమని చప్పుడు మొదలైంది. రోడ్డు అలాంటిదని వారు చెప్పారు, నేనూ నమ్మాను. అసలు కారణం మా వీధి చివర ఉండే, సాలూరులో నలభై ఏళ్లు లారీల పని చేసి కొడుకు దగ్గరకు వచ్చేసిన పెద్దాయన ద్వారా తెలిసింది. ఆయనను నేను మావయ్యగారూ అని పిలుస్తాను. సాలూరు పట్టణమే లారీలకు పేరుపొందినది కదా. ఆయన చీలిన బుష్‌ను వేళ్లతో తిప్పి చూసి, "చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేశారు బాబూ" అన్నారు.

ఆ మాట వెనుక ఉన్న సంగతి ఇది. షాకబ్జరు కింది కంటిలో రబ్బరు బుష్, దాని నడుమ ఇనుప గొట్టం ఉంటాయి. బోల్టు బిగించగానే ఆ గొట్టం ఇరుసుకు కదలకుండా పట్టుకుపోతుంది, ఆ తరువాత కలిగే కదలికనంతా రబ్బరే మెలికపడి భరించాలి. చక్రం వేలాడుతున్న స్థితిలో బిగిస్తే, రబ్బరుకు ఆ స్థితే సహజమైపోతుంది. బండిని నేలకు దించగానే అది మెలిపడి, నిలబడి ఉన్నా, నడుస్తున్నా, రాత్రింబవళ్లు ఆ మెలికలోనే ఉంటుంది. కనుక బండి తన బరువు మీద తాను నిలిచిన ఎత్తులోనే ఆఖరి బిగింపు ఇవ్వాలి. నాకు రెండు జతల బుష్‌ల ఖర్చును, ఏడాది చప్పుడును తెచ్చిపెట్టినది ఈ ఒక్క సంగతే.

షాకబ్జర్లను జతగా కొన్నాను. ఎడమది మాత్రమే కారుతున్నా ఒక్కటే మార్చితే ఒకవైపు గట్టిగా, మరొకవైపు వదులుగా ఉండి, మలుపులోనూ బ్రేకు వేసినప్పుడూ బండి సమంగా నిలవదు. పాతవాటికి నూనె నింపి, నల్లరంగు వేసి అమ్మేవి సగం ధరకే దొరుకుతాయి. ఘాట్ దిగే బండికి వాటిని వేయడం నాకు ఇష్టం లేదు. ఒకే కారులో సంవత్సరాన్ని బట్టి, రకాన్ని బట్టి పొడవు మారుతుంది కనుక, పాతదాని మీది నంబరును రాసుకుని వెళ్లి సరిపోల్చి తెచ్చుకున్నాను.

ముందురోజు సాయంత్రం నట్లన్నిటినీ ఇనుప బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననిచ్చాను. మా ప్రాంతపు వానకు, ఎర్రమట్టికి కింది బోల్టు దాదాపు గొట్టంతో కలిసిపోతుంది. దానిని మంటతో కాల్చి వదులు చేయాలని కొందరు అంటారు, కాని నా కారులో పెట్రోలు ట్యాంకు వెనుక ఇరుసుకు జానెడు ముందే ఉంది కనుక ఆ ఆలోచనను దగ్గరకు రానివ్వలేదు.

మరునాడు ఉదయం సిమెంటు చేసిన చదునైన వాకిట్లో కారు నిలిపి, ఎత్తకముందే చక్రపు నట్లను కొద్దిగా వదులు చేశాను. చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిస్తే రెండువైపులా 36 సెంటీమీటర్లు వచ్చింది. ఆ కొలతను సుద్దముక్కతో గోడ మీద రాశాను. చివర్లో దానితోనే పని. హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది కనుక, వెనుక భాగం ఎత్తిన తరువాత దాని వల్ల ఏ రక్షణా లేదు. అందుచేత మొదటి గేరులో ఉంచి, ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మలు బిగించి కొట్టాను. తరువాత వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి, కంపెనీ చూపిన చోట్లనే రెండు స్టాండ్ల మీద నిలిపి, చేత్తో బలంగా కదిపి చూశాకే చక్రాలు విప్పాను. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి తల పెట్టకూడదని మా అబ్బాయికి పదేపదే చెప్పాను. విప్పిన చక్రాలను కూడా కారు తలుపుల కింది అంచు కింద పక్కకు పడుకోబెట్టాను, ఏదైనా జారినా అవి అడ్డుపడతాయి.

పైనట్టు డిక్కీ లోపల, పక్క అట్ట వెనుక, రబ్బరు మూత కింద ఉంది. ప్లాస్టిక్ క్లిప్పులు పాతబడితే పుటుక్కున విరుగుతాయి కనుక వెడల్పాటి చెక్కబద్దతో నెమ్మదిగా లేపాలి. పానా వేసి నట్టును తిప్పబోతే కడ్డీ కూడా దానితో పాటే తిరుగుతుంది. కడ్డీ కొసన చదును చేసిన భాగాన్ని చిన్న పానాతో పట్టుకుని, నట్టును రింగు పానాతో తిప్పితే వస్తుంది. మెరిసే కడ్డీ ఒంటిని పట్టకారుతో పట్టుకోవడం మాత్రం ఎప్పుడూ తగదు. గోరంత గీత పడినా అది కదిలిన ప్రతిసారీ సీలును కోస్తుంది, కొత్త షాకబ్జరు కూడా కొద్ది కాలానికే కారుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన ఘట్టం కింది బోల్టును లాగడం. ఇరుసు ఎంత కిందికి వేలాడవచ్చునో నిర్ణయించి ఆపేది షాకబ్జరే. దానిని తీసేస్తే ఇరుసు ఒక్కసారిగా దిగి, బ్రేకు గొట్టాన్ని లాగివేయవచ్చు, స్ప్రింగు తన గిన్నెలోంచి తప్పుకోవచ్చు. అందుకని స్ప్రింగు కూర్చునే చోటికి సరిగ్గా కింద రెండో జాకీ పెట్టి, ఇరుసు బరువు దానిమీద ఆనేదాకా ఎత్తి, ఆ తరువాతే బోల్టును ముట్టుకున్నాను. మొదటివైపు పూర్తిగా ముగించాకే రెండోవైపు మొదలుపెట్టాలి. ఎడమ బోల్టు కదలడానికే గంటకు పైగా పట్టింది. నూనె మళ్లీ పోసి, నట్టును కొసదాకా తిప్పి ఉంచి దానిమీద సుత్తితో కొడుతూ, మరలు చెడకుండా రాబట్టాము.

పాత షాకబ్జరును చేత్తో నొక్కితే కడ్డీ ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయింది, లాగితే అలాగే వచ్చింది. కొత్తదానిని నొక్కడానికి ఒళ్లు బరువంతా మోపవలసి వచ్చింది. రెండింటినీ వరుసగా అమ్మ చేతికి ఇచ్చి నొక్కమన్నాను. ఆవిడకు వేరే వివరణ అవసరం లేకపోయింది. కొత్తది అట్టపెట్టెలో పడుకుని ఉంటుంది కనుక, లోపలి గాలి పైకి పోవడానికి నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు నెమ్మదిగా పూర్తిగా నొక్కి వదిలాను. గ్యాసు రకానికి కట్టిన పట్టీని తెంచితే కడ్డీ దానంతట అదే పొడవుగా సాగుతుంది, కాబట్టి ముఖాన్ని దూరంగా ఉంచాలి.

బిగించేటప్పుడు పైభాగంలో వాషరు, రబ్బరు, మళ్లీ రబ్బరు, వాషరు అనే వరుస తప్పకూడదు. విప్పేటప్పుడే ఫోను కెమెరాతో తీసుకున్న ఫొటో అప్పుడు పనికివచ్చింది. కింది బోల్టును ముందు చేత్తో పట్టేంతవరకే తిప్పి వదిలాను. తరువాత ఇరుసు కింది జాకీని నెమ్మదిగా ఎత్తుతూ, చక్రం బిగించే చోటి మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు దూరం గోడ మీద రాసిన 36 సెంటీమీటర్లకు వచ్చినప్పుడు ఆపి, ఆ స్థితిలో ఆఖరి బిగింపు ఇచ్చాను. మావయ్యగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, టేపును తాను కూడా ఒకసారి పట్టి చూసి, "ఇప్పుడు బిగించు బాబూ" అన్నాకే, ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచిని అందుకున్నాను. ఎడమవైపుకు రెండున్నర గంటలు, కుడివైపుకు యాభై నిమిషాలు పట్టింది.

ఇదంతా వెనుక షాకబ్జరు, స్ప్రింగు విడివిడిగా ఉండే కార్ల సంగతి. ముందువైపు చాలా కార్లలో మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. దానిలో స్ప్రింగు షాకబ్జరు చుట్టూ నొక్కిపెట్టి ఉండటం వల్ల, స్ప్రింగును అదిమిపట్టే ప్రత్యేక పరికరం లేకుండా పైనట్టు విప్పితే ప్రాణాపాయం. ముందువైపు పనిని నేను ఇంట్లో చేయలేదు, ఎవరినీ చేయమనీ అనను.

కొత్తవి వేశాక బండి దూదిలా మెత్తబడుతుందని ఆశించకూడదు. మొదటిరోజు ఊళ్లో నడిపితే ముందుకన్నా కొద్దిగా గట్టిగానే అనిపించింది. తేడా తెలిసింది ఘాట్‌లో. గుంత తగిలిన శబ్దం వినిపించింది గాని, వెనుక భాగం ఒకసారి లేచి అక్కడే కుదురుకుంది, పక్కకు గెంతలేదు. దిగుడులో బ్రేకు మీద కాలు ఉంచినప్పుడు వెనుక చక్రాలు రోడ్డును విడవడం లేదన్న ధీమా కలిగింది. అమ్మ పొట్టంగి దాటేవరకు మాట్లాడుతూనే ఉండి, తరువాత నిద్రపోయింది.

యాభై కిలోమీటర్లు నడిచాక చక్రపు నట్లను ఎదురెదురు వరుసలో మరోసారి బిగించాను. సంక్రాంతికి సాలూరు వెళ్లేముందు పై, కింది నట్లను మళ్లీ చూస్తే, కుడివైపువి కదలలేదు, ఎడమవైపు పైనట్టు మాత్రం పావు తిప్పు తీసుకుంది. బుష్‌లలో ఇంతవరకు చీలిక లేదు. గోడ మీది సుద్దగీత వానకు చెరిగిపోక ముందే ఆ కొలతను బండి పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టాను.